బంతిలో చోటు

ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద తడి గోనెసంచుల మీద కుప్పపోసిన బంతిపూల పచ్చివాసన తగిలితే, ఇప్పటికీ నాకు అండాలమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది. వెంటనే ఒళ్లు మండుతుంది కూడా. ఆ మంట ఆమె మీద కాదు.

నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని పోయి నేను ఇంట్లో కూర్చున్నప్పుడు, మా వీధి చివర పూలు కట్టే ఆమే నన్ను పిలిచి సూది, దారం చేతిలో పెట్టింది. చుట్టరికం లేకపోయినా పెద్దమ్మా అనేదాన్ని. ఆమెది అసలు నాచారం ఊరే. ఫ్యాక్టరీలు రాకముందు వాళ్ల చేనులో బంతి పూసేదట. "ముడి ఎనకకు పోవాలె బిడ్డా, పువ్వే కనబడాలె" అనేది. ముడి ముందుకొస్తే ఎంత పెద్ద దండనైనా విప్పించేది. నేను ఏడ్చిన రోజులున్నాయి.

ఒక కార్తీకంలో ఉప్పల్ అవతల తోటలో పెళ్లి అలంకరణ మాకొచ్చింది. అచ్చం పల్లెటూరి పెళ్లిలా ఉండాలన్నారు. పెద్దమ్మ ముందే వెళ్లి తోటంతా తిరిగింది. "పొద్దటి ఎండ గీడికెల్లి వొస్తది. గునుగుపూలు గిటు పెడితే తెల్లగ మెరుస్తయి. బంతి నీడకు పెడుదాం" అంది. జొన్నకంకుల తోరణాలు, వెదురుగంపల్లో తంగేడు గుత్తులు, గోనెగుడ్డతో కుట్టిన పువ్వులు, అన్నీ మూడు రోజులు కూర్చుని చేత్తో చేశాం. ప్లాస్టిక్ పువ్వు ఒక్కటి కూడా దగ్గరికి రానివ్వలేదు.

పెళ్లిరోజు ఆమె పట్టుచీర కట్టుకొచ్చింది. ఏర్పాట్లు చూసే అమ్మాయి ఒక ముతక చీర పట్టుకొచ్చి, "ఆంటీ, ఇది కట్టుకుని గేటు దగ్గర దండలు గుచ్చుతూ కూర్చోండి. గెస్టులు ఫొటోలు దిగుతారు. విలేజ్ ఫీల్ వస్తుంది" అంది. నాచారం ఊరి మనిషికి పల్లెటూరి వేషం వేస్తారట! ఎంత పొగరు! కానీ అప్పుడు నేనేమన్నాను? "జరసేపే గదా పెద్దమ్మా, కూసో. లేకుంటే మల్ల పని ఇయ్యరు" అన్నాను.

ఆమె నన్నొకసారి చూసింది. చీర మాత్రం మార్చలేదు. గంపల మధ్య కూర్చుంది. వచ్చినవాళ్లంతా ఆమె భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగారు. పేరు అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

భోజనాలు మొదలయ్యాక ఆమె లేచి అటు నడిచింది. ఆ అమ్మాయి పరుగున వచ్చి, "ఆంటీ, మీవాళ్లకు ప్యాకెట్లు వెనక షెడ్డులో పెట్టించాం" అంది.

పెద్దమ్మ గొంతు పెంచలేదు. "పల్లెటూరి పెండ్లి అంటిరి గదమ్మా? మా ఊర్ల బంతి గుచ్చినోళ్లు బంతిల కూసోనే తింటరు" అంది. వెళ్లి భోజనాల వరసలో మొదటి కుర్చీలో కూర్చుని, విస్తరి మీద నీళ్లు చల్లుకుంది. పక్క కుర్చీ మీద చెయ్యి తట్టి, "రా బిడ్డా" అని పిలిచింది.

నేను వెళ్లలేదు. షెడ్డులోకి వెళ్లి ప్యాకెట్ విప్పుకున్నాను. అక్కణ్నుంచే చూస్తున్నాను, ఆమె పెరుగన్నం దాకా నింపాదిగా తింది. ఎవరూ లేపే ధైర్యం చేయలేదు. ఆ పక్క కుర్చీ మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉంది.

ఆ మాట ఆమె మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. ఆమె పోయింది. ఇప్పుడు అలంకరణలు నేనే ఒప్పుకుంటున్నాను. మావాళ్లు బంతిలోనే తింటారని మొదటే చెబుతాను. కుదరదంటే వేరేవాళ్లను చూసుకోమంటాను. విస్తరి ముందు కూర్చోగానే పక్క కుర్చీ చూస్తాను. ఖాళీగా ఉంటే, మావాళ్లలో ఒకరిని పిలిచి కూర్చోబెట్టేదాకా నాకు ముద్ద దిగదు.