అమావాస్య నాటి కొత్త కోర్సు

ఆ రోజుల్లో నాకు లోకంలోకెల్లా పెద్ద మాట 'ఆమోదం'. పెళ్ళికి ఏ అమ్మాయి ఆమోదం గురించీ అంతగా బెంగపడలేదు (అసలు అడిగితే కదా). కడప వైపు ఒక విశ్వవిద్యాలయంలో (పేరు చెప్పను, నా సర్టిఫికెట్లతో ఇంకా వాళ్ళ దగ్గర పని పడుతుంది) ఒప్పంద అధ్యాపకుడిగా ఉండేవాడిని. ఆ ఒప్పందం నెలాఖరుకు ముగుస్తుంది. మా విభాగంలో అప్పటిదాకా ఉన్నది ఆరు నెలల చేనేత సర్టిఫికెట్ కోర్సు ఒక్కటే. చేనేతలో రెండేళ్ళ పీజీ కోర్సు పెట్టాలని మా విభాగాధిపతి, మేమంతా పెద్దసారు అనుకునే ఆయన, పూనుకున్నారు. "కోర్సు వస్తే ఒక పోస్టు వస్తాది. పోస్టు వస్తే నువ్వుంటావు. రాకుంటే నా చేతుల్లో ఏం లేదప్పా" అని మొదటి రోజే తేల్చి చెప్పారు. అప్పటినుంచి ఆ ఫైలే నా పంచప్రాణాలు.

కోర్సు పెట్టడమంటే బోర్డు రాయించి తగిలించడమని బయటివాళ్ళు అనుకుంటారు. ముందు పాఠ్యమండలి కూర్చుని, సిలబస్ చదివి, సభ్యులందరూ సంతకాలు చేయాలి. ఆ కాగితాలు అకడమిక్ కౌన్సిల్‌కు వెళ్ళాలి. ఆ కౌన్సిల్ ఎప్పుడో గాని కూర్చోదు. ఈసారి గురువారం కూర్చుంటోంది, కాగితాలు మంగళవారం సాయంత్రం ఐదులోగా అందాలి అన్నారు. పాఠ్యమండలిలో వేరే విశ్వవిద్యాలయం నుంచి ఒక నిపుణుడు, వృత్తిలో ఉన్న మనిషి ఒకరు ఉండి తీరాలి. నిపుణుడిగా కోస్తా నుంచి ఒక ప్రొఫెసరుగారు ఒప్పుకున్నారు. వృత్తి తరఫున మాధవరం నుంచి మగ్గాల మామను అడిగాను. ఊళ్ళో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. మామ మగ్గం దిగే మనిషి కాదు. "మాకు అమావాస్యకే సెలవప్పా. ఆపొద్దయితే వస్తా" అన్నాడు. చూస్తే అమావాస్య సరిగ్గా ఆ మంగళవారమే పడింది. అన్నీ కలిసొచ్చాయని మురిసిపోయి అందరికీ లేఖలు పంపాను. నేతవాళ్ళ సెలవు చూసుకున్నాను గాని, అమావాస్య మంగళవారమంటే మిగతా జనం ఏమంటారో నా బుర్రకు తట్టలేదు.

సమావేశం పదకొండింటికి మొదలైంది. కోస్తా సారు సిలబస్‌ను మెచ్చుకున్నారు, భోజనంలో ఉగ్గాని బజ్జీని ఇంకా ఎక్కువ మెచ్చుకున్నారు. మూడింటికి సంతకాలకని కలం తీశారు. తీసి, తేదీ కోసం గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. "ఇవాళ అమావాస్యాండీ?" అన్నారు. "మంగళవారం కూడానూ" అని ఆయనే అనుకుని కలానికి మూత పెట్టేశారు. ఆ మూత పడిన చప్పుడు నాకు గుండెలో వినిపించింది. "చర్చకేమండీ, ఎంతసేపైనా చేద్దాం. కొత్త కోర్సుకు ఇవాళ శ్రీకారం చుట్టమంటే మాత్రం నాకు చెయ్యి రాదు. రేపు పాడ్యమి, పొద్దున్నే పెట్టేస్తాను." నేను ధైర్యం చేసి, "పరీక్షలు అమావాస్య నాడు కూడా పెడతాం కదా సార్" అన్నాను. "అందుకే పిల్లలు అలా తప్పుతున్నారు" అన్నారాయన శాంతంగా.

అకడమిక్ విభాగానికి ఫోన్ చేశాను. ఐదు దాటితే తీసుకునేది లేదని, వచ్చే కౌన్సిల్ ఎప్పుడో తమకే తెలియదని చెప్పారు. ఫోన్లో పంచాంగం తెరిచాను. అమావాస్య ఐదూ నలభై దాకా ఉంది. నలభై నిమిషాల దగ్గర నా ఉద్యోగం పోతోంది. పెద్దసారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కోపం కాదు, జాలి. కోపమైనా బాగుండేది.

ఇంత జరుగుతున్నా మగ్గాల మామ తన కాగితాలు ఇంకా చదువుతూనే ఉన్నాడు, వేలు పెట్టి, వరుస వరుసా. (చదవకుండా సంతకం పెట్టేవాళ్ళు ప్రొఫెసర్లే అని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.) రెండో యూనిట్ దగ్గర ఆగి, "ఏమప్పా, పడుగును అడ్డానికి, పేకను నిలువుకు రాసినావే. ఇట్ల నేసేవాళ్ళు యాడన్నా ఉండారా?" అన్నాడు. ఆ యూనిట్ రాసింది నేను. రేపు దాన్ని చెప్పబోయేదీ నేనే. మగ్గం మీద ఒక్కరోజు కూర్చున్నవాణ్ణి కాదు. తల వంచుకుని, నిలువు పోగుల్ని పడుగుగా, అడ్డపోగుల్ని పేకగా దిద్దుకున్నాను.

అప్పుడు మామ కోస్తా సారు వైపు తిరిగాడు. "ఏమనుకోవద్దండి సారూ. ఇది కొత్తదెట్లయితాది? ఈడ ముందే ఆర్నెల్ల చదువు ఉండాది గదా. మగ్గం మీద పాత పడుగు అయిపోతే మేం దాన్ని పీకి పారెయ్యం. ఆ కొసలకే కొత్త పడుగును పోగు పోగూ అతుకుతాం. అతుకు మొదలుపెట్టినట్టు కాదు గదా."

"మరి అమావాస్యకు మీరు పని చెయ్యరు కదండీ?"

"నేసే పని ఒక్కటే చెయ్యం సారూ. మా ఇంట్లో అతుకులు, మరమ్మతులు శానావరకు ఈపొద్దే చేసుకుంటాం."

కోస్తా సారు మళ్ళీ కలం చేతిలోకి తీసుకున్నారు. "కొత్తది కాదని కాగితం మీద ఉంటే నాకేం అభ్యంతరం లేదండీ" అన్నారు. నేను కంప్యూటరు మీద పడ్డాను. మొదటి పేజీలో 'నూతన కోర్సు ప్రారంభం' అని ఉన్నది కొట్టేసి, 'ఇప్పుడున్న కోర్సు కొనసాగింపు, పీజీ స్థాయికి' అని టైపు చేశాను. "దీంతో ఏం కాదు గదప్పా?" అని పెద్దసారు సందేహించారు. "ఏముంది సార్, మాట మార్చినాం, అంతే" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా. అచ్చు సగం పేజీలో ఉండగా కరెంటు పోయింది. వచ్చేసరికి నాలుగున్నర. అందరూ సంతకాలు గిలికారు. మామ మాత్రం ఇంటిపేరుతో సహా, గుడింతం రాసే పిల్లాడంత శ్రద్ధగా, ఒక్కో అక్షరం పెట్టాడు. ఆయన చెయ్యి పట్టుకుని రాయించేద్దామా అనిపించింది. నాలుగూ యాభైకి ఫైలు చంకన పెట్టుకుని ఆ ఎండలో పరిగెత్తాను. చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. ఐదుకు రెండు నిమిషాలుండగా కాగితాలు ఇచ్చాను.

గురువారం కౌన్సిల్ గది బయట వరండాలో నిలబడ్డాను. మధ్యాహ్నం దాటాక పెద్దసారు వచ్చారు. "పాసయిందప్పా" అన్నారు. నేను చేతులు జోడించబోతే ఆపారు. "కొత్త కోర్సు కాదు గదా, కొనసాగింపే గదా, మళ్ళీ పోస్టెందుకు అన్నారు. ఉన్నోళ్ళతోనే నడపమని తీర్మానం రాసినారు." ఆ మాట ఎవరు రాశారని లోపల అడిగారట. విభాగం రాసిందని పెద్దసారే చెప్పారట. నన్ను కాపాడటానికి అలా అన్నారు పాపం. అప్పటికి నన్ను కాపాడటానికి ఏమీ మిగల్లేదు.

సాయంత్రం మగ్గాల మామ ఫోన్ చేశాడు. "కోర్సు వచ్చిందంట గదప్పా. శానా సంతోషం. నువ్వేం చెప్తాండావు దాంట్లో?" ఆయనకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ఇంకా ఏం చెప్పలేదు మామా, చూస్తాండారు" అన్నాను. "చూస్తార్లేప్పా. అంతగా ఉరికినోన్ని యాడికి పోనిస్తారు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక, దాచుకోవడమెందుకు, ఏడ్చాను.

నెలాఖరుకు వచ్చేశాను. ఇప్పుడు కర్నూలులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను, బాగానే ఉన్నాను. మొన్న పాత కాగితాలు సర్దుతుంటే ఆనాటి ఫైలు నకలు దొరికింది. తన ఉద్యోగాన్ని తానే చంకన పెట్టుకుని, ఒంటి చెప్పుతో పరిగెత్తి, గడువు దాటకుండా అప్పజెప్పి వచ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, ఒక్కసారి దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. ఎంత జాగ్రత్త పాపం వాడికి. అందినట్టు ముద్ర కూడా వేయించుకున్నాడు.