మహాలయ గారెలు

మొన్న ఏం చేశానో తెలుసా? నిక్షేపంలాంటి మనిషిని చంపేశాను! టీ తాగుతూనే వినండి, పొలమారితే మాత్రం నా పూచీ లేదు.

మౌంట్ ఆల్బర్ట్‌లో మా పక్క ఫ్లాట్ బెంగాలీ ఆంటీది. మేం దిగి నెలే కదా, వాళ్ళాయన్ని నేను చూడనే లేదు. ఆంటీ వచ్చి, "రేపు మొహాలయా. తెల్లారకముందే రేడియోలో ప్రోగ్రామ్ వస్తుంది, రా. అంకుల్ ఈజ్ నాట్ దేర్, నో? ఒక్కదాన్నే ఎలా వినను?" అంది. కళ్ళల్లో నీళ్ళు.

మహాలయమంటే మనకేంటి? పోయిన పెద్దలకి పెట్టుకునే రోజులు! అయ్యో పాపం, అంకుల్ పోయారన్నమాట అనుకున్నాను. మా ఆయన "సరిగ్గా కనుక్కున్నావా?" అన్నాడు. "అలాంటివి అడుగుతారా ఎవరైనా!" అని కసిరాను. ఉల్లిపాయ తగలకుండా గారెలు వండి పట్టుకెళ్ళాను.

ఆంటీ తలుపు తీసింది. తెల్ల చీర! ఇంకా డౌటేముంది? ఎర్రంచు నా కళ్ళకి ఆనితేగా! రేడియోలో ఎవరో గంభీరంగా శ్లోకాలు చదువుతుంటే ఆవిడ ఒకటే ఏడుపు. నాకూ ఆగలేదు. వీపు నిమురుతూ, "ఊరుకోండి ఆంటీ, ఎప్పటికైనా అందరం వెళ్ళాల్సిందేగా" అన్నాను.

"యెస్, నేను నెక్స్ట్ ఇయర్ వెళ్తున్నా" అంది. "అపశకునం మాటలొద్దు ఆంటీ!" అన్నాను.

అంతలో ఫోన్. ఆవిడ అగరొత్తులు వెలిగిస్తోందని నేనే తీశాను. "శుభో మొహాలయా! అంకుల్ హియర్!"

కెవ్వుమని అరిచి ఠక్కున పెట్టేశాను.

"అయ్యో, కట్ చేశావా! క్రైస్ట్‌చర్చ్‌లో ఇది రాదు. పాపం, ఫోన్‌లో విందామని పొద్దున్నే లేచాడు!" అని ఆంటీ లబలబలాడింది. అప్పుడు తెలిసింది. అంకుల్ పోయింది ఆ ఊరికి, ఉద్యోగానికి. ఆంటీ వెళ్ళేది కలకత్తాకి. వాళ్ళకి మహాలయమంటే దుర్గమ్మ పుట్టింటికి బయల్దేరే పండగ, ఆ ఎర్రంచు తెల్ల చీర పండగ చీర!

సిగ్గుతో చచ్చాను. రేడియో మనకోసం ఆగదు కదా! మళ్ళీ ఫోన్ కలిపి, ప్రోగ్రామ్ అయ్యేదాకా రిసీవర్ రేడియోకి ఆనించి పట్టుకుని నేనే నిలబడ్డాను. చెయ్యి పడిపోయిందనుకోండి.

శనివారం అంకుల్ దిగారు. నేను ఒప్పుకున్నదంతా ఆంటీ ఆయనకి ముందే చెప్పేసిందట. ఆంటీ దాచిన గారెలు వేడి చేసి పెడితే, ఒక్కటి మిగల్చకుండా లాగించేసి నాకేసి చూశారు.

"నా తద్దినం బ్రహ్మాండంగా పెట్టావమ్మా. వచ్చే ఏడు కూడా నువ్వే పెట్టాలి!"