బిడ్డ పట్టని ఇప్పాకు

తమ్ముడు వాగులో కొట్టుకుపోయిన నాటి నుంచి అతని కొడుకు పుట్టిన నాటి వరకు నూట అరవై మూడు రోజులు. డైరీ తీసి రెండుసార్లు లెక్కించాను. ఆ రోజుల్లో అమ్మ ఒక్కసారీ ఏడవలేదు. మరదలి కడుపులో తన కొడుకే తిరిగి వస్తున్నాడని ఆమె నమ్మకం.

మా కోయల్లో పెద్దలు అనుకున్నంత మాత్రాన పేరు ఖాయం కాదు. ఏడో రోజున బిడ్డకు స్నానం చేయించి, మంచం మీద పడుకోబెట్టి, అరచేతిలో ఇప్పాకు ఉంచి పేరు పలుకుతారు. గుప్పిట మూస్తే ఒప్పుకున్నట్టు; జారవిడిస్తే మరో పేరు వెతకాలి. ఇది తెలిసి కూడా, దవాఖానాలో జనన నమోదు కాగితం చేతికిచ్చినప్పుడు, ఖాళీ గడి చూసి ఊరుకోలేక తమ్ముడి పేరు రాసేశాను.

అది ఇప్పచెట్లు ఆకు రాల్చే కాలం. టేకులపల్లి వైపు అడవిలో పదకొండు చెట్లు వెతికితే ఒక్కదానికి పచ్చి ఆకులు మిగిలి ఉన్నాయి.

అమ్మ ఆకు పెట్టి తమ్ముడి పేరు పిలిచింది. జారింది. రెండోసారీ జారింది.

"వీని అయ్య ఒక్క పిలుపుకే పలికిండా ఏంది? అన్నానికి పిలిస్తే వాగు కాడి నుంచి పొద్దుగూకినంక వస్తుండె" అన్నది మేనత్త. నవ్వబోయినవాళ్లు వాగు మాట వినగానే ఆగిపోయారు.

మూడోసారి అమ్మ తన చేత్తోనే ఆ చిన్న వేళ్లను ముడిచింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు.

"చాలు వదినా. వద్దంటున్నడు."

నేను ఉండబట్టలేకపోయాను. "అమ్మా, కాయితంల ఆ పేరే రాయించిన."

మేనత్త నా వైపు తిరిగింది. "నువ్వు రాస్తే అయితదా పెద్దోడా? వాన్ని అడిగినవా?"

ఆమే మళ్లీ ఆకు పెట్టి మా తాత పేరు పలికింది. బిడ్డ గుప్పిట మూశాడు.

"అయితే మావోడు రాలె" అన్నది అమ్మ. తమ్ముడు పోయిన నూట అరవై తొమ్మిదో రోజున ఆమె మొదటిసారి ఏడ్చింది. మరదలు బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి సోమవారం పేరు మార్పుకు అర్జీ నేనే పెట్టాను. అందులో కారణం అడిగిన గడి ఒకటి ఉంది. అక్కడ 'ఇంటి పెద్దల కోరిక' అని రాశాను. ఇంటికి పెద్దదైన అమ్మ కోరిన పేరునే ఆ కాగితంతో కొట్టివేయించాను.