చెరువులో ఉప్పు వెతికిన చిన్నాయన

నిన్న మేడ్చల్ మార్కెట్లో పాత సామాన్ల బండి మీద ఓడల్లో వాడే పసుపు వాకీటాకీ ఒకటి చూశాను. శామీర్‌పేట చెరువు కాడి దోస్తులూ, మా చిన్నాయన తెచ్చిన జత గుర్తుందా?

ఆయన ముంబైలో చేపల పడవ మీద పనిచేసి వచ్చాడు. ఒకటి చెరువులో వలేసే మా నాయిన దగ్గర, ఇంకోటి గట్టున నా దగ్గర ఉండేవి. మనుషుల ముందు నోరు పెగలని నేను, ఆ బటన్ నొక్కితే మాత్రం గలగలా మాట్లాడేవాణ్ణి.

"గాలొస్తాంది నాయినా, జల్దీ రా!"

"వస్తున్న బిడ్డా."

చిన్నాయన రోజూ సాయంత్రం రెండింటినీ నల్లా కింద కడిగేవాడు. సముద్రం మీద అలాగే కడుగుతారట, లేకపోతే ఉప్పు తినేస్తుందట. చప్పటి చెరువు నీళ్లకు ఈయనగారి సముద్రం తెలివి!

"చెరువుల ఉప్పేడిదిరా? వాటి మూత రబ్బర్లు పలిగినయి, లోపలికి నీళ్లు పోతయి" అని నాయిన మొత్తుకున్నాడు.

"అన్నా, నువ్వెప్పుడన్న సముద్రం జూసినవా?"

చూడలేదు. నాయిన వల సర్దుకోవడానికి పోయాడు. కొన్నాళ్లకు రెండూ గుర్రుమని చచ్చాయి. ఆ మహానుభావుడు అప్పుడు కూడా "ఉప్పు సరిగ పోలే" అన్నాడు.

ఇప్పుడు గాలొస్తే గట్టున నిలబడి తువ్వాల ఊపుతాను. నాయిన అటు తిరిగి వల లాగుతుంటాడు. గట్టిగా అరవడం నాకు ఇంకా రాలేదు.