సంగు మోగితే లేచే వీధి

మొన్న కోయంబత్తూరు ఫ్లైఓవరు మీద బస్సు ఆగిపోతే, కిటికీలోంచి కిందికి చూసి లెక్క వేసుకున్నాను: సరిగ్గా మా అవ్వ వంటింటి నెత్తిన ఉన్నాను. బతికుండగా ఆ వంటింట్లోకి చెప్పులతో ఎవరినీ రానివ్వని మనిషి. ఇప్పుడు దాని మీద లారీలు పోతున్నాయి.

మాది మిల్లు వీధి. ఎన్ని తరాల కిందట వచ్చిన తెలుగువాళ్లమో అవ్వకే తెలియదు గానీ, ఏ షిఫ్టు వాళ్లమో పసిపిల్లలు కూడా చెప్పేవాళ్లు. మిల్లు సైరన్‌ను సంగు అనేవాళ్లం. పిల్లలు పుట్టిన వేళ, సాంబారు దించే వేళ, అలకలు మానే వేళ, అన్నిటికీ సంగే గుర్తు. ఊరి నడుమ నుంచి పెద్ద రోడ్డు వేస్తారని, మూలన ఉన్న అవ్వ ఇల్లే మొదట పోతుందని తెలిసిన రోజున వీధంతా నోరు తెరిచింది. మళ్లీ మూసింది నినాదాల మధ్య ఊపిరి తీసుకోవడానికే.

బుల్డోజరు వచ్చిన మధ్యాహ్నం అందరం ఇంటి ముందు చాపలు పరిచి కూర్చున్నాం. షిఫ్టుకు పోవలసినవాళ్లు టిఫిన్ క్యారియర్లు పక్కనే పెట్టుకున్నారు. మా నాయకుడు మామ, అవ్వ పెద్దకొడుకు.

“ఈ గోడ తాకాలంటే ముందు మమ్మల్ని తొక్కించి పోవల్ల!” అని అరిచాడు.

“అట్లయితే ముందుకొచ్చి కూర్చో సామీ, నా వెనకాల ఏమి పని?” అంది అవ్వ.

మామ ముందుకు జరిగి, “ప్రాణం పోయినా ఇక్కడినుంచి...” అంటుండగా సంగు మోగింది.

మామ లేచాడు. పంచె దులుపుకున్నాడు, క్యారియరు అందుకున్నాడు, నడిచాడు. వెనకే షిఫ్టు మొత్తం. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఇన్నేళ్లూ ఆ కాళ్లను నడిపింది సంగే. ఎన్నడూ మిల్లుకు పోని అవ్వ ఒక్కతే చాప మీద కదలకుండా ఉంది. డ్రైవరు ఆశ్చర్యపోయి, ఒప్పుకున్నారు కాబోలనుకుని, అవ్వను చుట్టి వచ్చి గోడను తోశాడు.

ఆ చప్పుడుకు సందు మలుపులో అందరూ వెనక్కి తిరిగారు. దుమ్ము అణిగాక దేవుడి దీపం, ఉట్టి, అవ్వ పెళ్లి ఫోటో, అన్నీ వీధిలోకి కనబడుతున్నాయి. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

“అమ్మా...” అన్నాడు మామ.

అవ్వ గోడ ఉన్న చోటు కాసేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, “సీక్కిరం పోరా, గేటు మూసేస్తారు,” అంది.

మామ పోలేదు. బతుకులో ఆయన ఎగ్గొట్టిన షిఫ్టు అదొక్కటే.

మిల్లు మూతబడి చాలాకాలమైంది. మామ ఇప్పటికీ ఆ వేళకు కుర్చీలోంచి లేస్తాడు; ఎక్కడికో తోచక మళ్లీ కూర్చుంటాడు. కాలం పోయేటప్పుడు సంగు ఊదదు. మనం వెనక్కి తిరిగేసరికి గోడ ఉండదు.