జ్లాట్కా చెట్టు, జ్లాట్కా విత్తనాలు

హరలాంపి బావ బతుకంతా సోఫియాలో ట్రాము నడిపాడు. ఆయన భార్య జ్లాట్కా మా ఊరి పిల్ల. గోడ అవతలి ఇంట్లో నాతోపాటే పెరిగింది. మొన్న చలికాలంలో పోయింది. మంచు కరగగానే ఆయన నగరంలో ఫ్లాటు అమ్మేసి, ఆవిడ పుట్టింటికి కాపురం మార్చాడు. ఒక పెట్టె, రుమాలు కొసన మూటగట్టిన టమాటా విత్తనాలు తెచ్చుకున్నాడు. జ్లాట్కా తన తల్లి దగ్గర తీసుకుని ఏటేటా దాచుకుంటూ వచ్చిన గులాబి రంగు రకం అది. బాల్కనీలో కుండీల్లో పెంచేది. ఇక అవే మిగిలాయి.

"మొత్తం వేసేస్తాను వెల్కా. తన నేలలో వెయ్యాలని ఎంత పోరేదో!" అన్నాడు.

"కొన్ని దాచుకోండి బావా! అసలు మీ పెరట్లో ఆ అక్రోటు చెట్టు దగ్గర వెయ్యకండి. దాని వేళ్లున్న చోట టమాటా బతకదు. నా పెరట్లో వేసుకోండి, నేనేం అద్దె అడుగుతానా?" అన్నాను నేను.

"అవన్నీ ముసలమ్మ కబుర్లు. అక్రోటు నాటినవాళ్లు, మాను వాళ్ల మెడంత లావవగానే పోతారనీ మీ ఊళ్లోనే అంటారుగా. జ్లాట్కా చిన్నప్పుడు నాటింది దాన్ని. ఏనాడో మెడ దాటింది. మరి ఆవిడ మొన్నటిదాకా..." అని ఆగిపోయాడు.

ఆయన పెరట్లో మిగతాదంతా రాళ్లే. మెత్తటి మట్టి ఆ చెట్టు పక్కనే ఉంది. నారు పోసి, ట్రాము పట్టాల్లా తిన్నగా వరసలు తీసి నాటాడు.

మోకాలెత్తు పెరిగాయి. పూత కూడా వచ్చింది. రోజూ గోడ మీంచి పిలిచి చూపించేవాడు. "ముసలమ్మ కబుర్లన్నానా లేదా?" అని ఏడిపించేవాడు. ఒక మధ్యాహ్నం వరసంతా తలలు వాల్చేసింది. నీళ్లు చాల్లేదనుకుని బిందెలకొద్దీ మోశాడు. మర్నాటికి రెండో వరస పడిపోయింది. నేను కొన్ని పెళ్లగించి మా పెరట్లో పెట్టాను. అవీ దక్కలేదు.

చివరికి ఆయనే మా తమ్ముడు మానోల్‌ను పిలిచి, "కొట్టెయ్‌రా ఆ చెట్టును!" అన్నాడు. మానోల్ రంపం తెచ్చాడు. కానీ చెట్టుకు ఆనించలేదు.

"కొట్టినా లాభం లేదు బావా. వేళ్లు లోపలే ఉంటాయిగా. అవి మట్టిలోకి వదిలే విషం ఏళ్ల తరబడి పోదు."

"మరేం చెయ్యాలి?"

"ఏం చెయ్యలేం."

బావ మానుకు ఆనుకుని కూలబడ్డాడు. "చెట్టూ జ్లాట్కాదే, విత్తనాలూ తనవే. ఎవర్ని తిట్టనురా?" అన్నాడు. మానోల్ రంపం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆఖరి మొక్క ఎండిన రోజు బావ మా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. రుమాల్లో గోళీలంత పచ్చి కాయలు ఐదారున్నాయి.

"వీటి గింజలు మొలుస్తాయా వెల్కా?"

ఒకటి కోసి చూశాను. లోపల తెల్లటి గుజ్జు తప్ప గింజే కట్టలేదు. ఇంకోటి కోశాను. అదీ అంతే. కత్తి పక్కన పెట్టేశాను. ఆయన నా మొహం చూశాడు. కోసిన ముక్కలన్నీ ఏరుకుని, మళ్లీ రుమాల్లో మూటగట్టుకుని వెళ్లాడు.