దారంతో దారి కొలిచిన మిషనమ్మ

మిషనమ్మకు నాలుగు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. వీధిలో సగం మందికి బట్టలు కుట్టే మనిషి, మొన్న ఒక చొక్కాకు చేతులు తిరగేసి కుట్టింది. విప్పి, మళ్ళీ తిరగేసే కుట్టింది. కారణం అడిగితే ఒప్పుకోదు గానీ, ఆదివారం చెల్లెలు కొన్న కొత్త ఇంటికి కారులో వెళ్ళాలి. ఏ దారిన వెళ్ళాలన్నది మాత్రం మొగుడికి పట్టనే లేదు.

పెళ్ళయిన కొత్తలో ఇలా ఉండేది కాదు. ప్రయాణం నెల ఉందనగానే ప్లంబరు పని చేసే మొగుడూ తనూ బట్టలు కత్తిరించే బల్ల ఖాళీ చేసి కాగితం మ్యాపు పరిచేవారు. మడతల దగ్గర చిరిగితే వెనక లైనింగు గుడ్డ అతికించింది ఆవిడే. రోడ్డు వంపుల వెంట దారం పరిచి, తీసి స్కేలు మీద పెట్టి దూరం చెప్పేది. ఒకసారి చేతికందింది కదా అని ఎలాస్టిక్ దారం వాడింది. అది సాగి సాగి వంపులన్నీ తిరిగొచ్చి, స్కేలు దగ్గర బుద్ధిగా ముడుచుకుంది. పెట్రోలు సగం దారిలోనే అయిపోతే ఇద్దరూ కారు తోసుకుంటూ, ఒకరినొకరు తిట్టుకుంటూ నడిచారు. వెళ్ళిన ఊళ్ళకంటే ఆ తిట్లూ, బల్ల దగ్గర పోట్లాటలే ఆవిడకు ప్రాణం.

ఈసారీ మ్యాపు తీసింది. ఫోనుండగా ఎందుకీ తిప్పలని ఆయన పైపుల సంచీ తగిలించుకుని పనికి పోయాడు. ఆవిడ ఒక్కతే దారం పరుచుకుంది. కోరిక పెద్దదేం కాదు. రోడ్డు చీలే చోట బండి నెమ్మది చేసి, ఎటు పోదామని ఆయన తనను ఒక్కసారి అడగాలి.

ఆదివారం బయల్దేరారు. ఫోనులో ఆడగొంతు దారి చెబుతుంటే, దానికి ఆయన సరే సరే అని జవాబివ్వడం కూడానూ! ఈ వయసులో తనకు సవతి పోరు రాసిపెట్టి ఉందనుకుని మిషనమ్మ మూతి బిగించింది. మ్యాపు విప్పింది, మడిచింది. కిటికీ అద్దం దింపింది, ఎత్తింది. గంటన్నర గడిచింది.

రోడ్డు రెండుగా చీలింది. ఫోను కుడికి తిరగమంది. మ్యాపులోనూ కుడే. ఆవిడకు తెలుసు. అయినా ఒళ్ళు మండి, "ఎడమకి" అంది.

ఆయన మారుమాట లేకుండా తిప్పాడు. ఫోను వెనక్కి తిరగమని సణుగుతుంటే దాని నోరు నొక్కేశాడు. రోడ్డు సన్నబడింది, కంకర తేలింది. మిషనమ్మకు మనసు పీకడం మొదలైంది.

"ఏమండీ, మ్యాపులో కూడా కుడివైపేనండీ."

"తెలుసు. నిన్న నువ్వు బొత్తాలకి బజారెళ్ళినప్పుడు చూశా."

"తెలిసీ ఇటెందుకు తిప్పారు?"

ఆయన గేరు మార్చాడు.

"గంటన్నరగా నువ్వొక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు నోరు విప్పాక కూడా వినకపోతే, ఇంకెప్పుడూ చెప్పవేమోనని భయమేసింది."

మిషనమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, అంత భయమున్నవాడు నాలుగు రోజులుగా నోట్లో ఏం పెట్టుకున్నాడని తిట్టడం మొదలుపెట్టింది. ఆయన బండి ఆపకుండా, వింటూ పోనిచ్చాడు.